తిరగని తాళంచెవి

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

బడిలో నీలం మాత్ర మింగి వచ్చిన సాయంత్రం మీలో ఒకరు, "తాతయ్యా, కడుపులోకి పోయిన మాత్రకు ఎక్కడికి వెళ్ళాలో ఎవరు చెబుతారు?" అని అడిగారు. ఎవరూ చెప్పరు. మందు రక్తంతోపాటు ఒళ్ళంతా తిరుగుతూ, తనకు సరిపడిన తాళంకప్ప ఎక్కడ తగిలితే అక్కడ ఇమిడిపోతుంది.

మన కణాలలో ఎంజైములనే ప్రోటీన్లు ఉంటాయి. ఒక్కొక్క దానిలో ఒక చిన్న గుంట ఉంటుంది. ఆ ఆకారానికి తగిన అణువు వచ్చి కూర్చుంటేనే దాని పని జరుగుతుంది. మీ నీలం మాత్రలో ఇనుముతోపాటు అర మిల్లీగ్రాము ఉండే ఫోలిక్ యాసిడ్ అటువంటి తాళంచెవే. కణం రెండు కావాలంటే ముందు డీఎన్ఏకు నకలు తయారుకావాలి, ఆ నకలుకు కావలసిన సరుకు ఫోలిక్ యాసిడ్ లేనిదే సమకూరదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, సున్నుండల మీద ఆశతో, మా నాయనమ్మ భోషాణానికి ధాన్యపు కొట్టు తాళంచెవి పెట్టాను. అది సులువుగా లోపలికి దూరింది కానీ తిరగలేదు, పైకీ రాలేదు. నాయనమ్మ బొడ్డున దోపుకున్న గుత్తిలో అసలు తాళంచెవి ఉండి కూడా, కమ్మరి వచ్చేవరకు మూడు రోజులు భోషాణం తెరుచుకోలేదు. నన్ను ఆవిడ కొట్టలేదు. అడిగి ఉంటే ఇచ్చేదాన్ని కదరా అని మాత్రం అంది.

సరిగ్గా అటువంటి తాళంచెవినే కావాలని తయారు చేయించినవారు, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఫోలిక్ యాసిడ్ జాతి పదార్థాలు ఇస్తే జబ్బు మరింత ముదురుతున్నదని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు గమనించి, ఫోలిక్ యాసిడ్‌కు ఎదురు తిరిగే పదార్థం కోసం వెతికారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు గారి బృందం చేసిన అమినోప్టెరిన్ అనే మందు ఫార్బర్‌కు అందింది. ఫోలిక్ యాసిడ్‌లో ఒక్కచోట, ఆక్సిజన్ ఉన్న స్థానంలో నైట్రోజన్ గల చిన్న గుంపును పెట్టారు, అంతే తేడా. అది ఎంజైములో దూరి, వదలకుండా కూర్చుని, ఆగకుండా పెరిగే క్యాన్సర్ కణాలకు డీఎన్ఏ సరుకు అందకుండా చేసింది. 16 మంది పిల్లలలో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు. ఆ ఊరట కొద్దికాలమే నిలిచింది. ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ అనే మందును ల్యుకేమియా పిల్లలకు ఈనాటికీ ఇస్తున్నారు. మీ ఈడు పిల్లలే కదా వాళ్ళంతా. ఈ మందుల మాట వచ్చినప్పుడల్లా ఆ పదహారు మందినీ తలచుకోవడం మన ధర్మం.

సుబ్బారావు గారి కాలంలో ఆ తాళంకప్ప లోపలి తీరు ఎవరూ చూసినది కాదు. అసలు తాళంచెవిని చూసి మారు తాళంచెవి చేశారు. 1970లలో ఆ ఎంజైమును స్ఫటికంగా చేసి, ఎక్స్ కిరణాలతో అందులో కూర్చున్న మెథోట్రెక్సేట్‌ను చూస్తే, దాని తలభాగం ఫోలిక్ యాసిడ్ కూర్చునే తీరుకు తిరగేసినట్టు ఉన్నదని తేలింది! ఇప్పుడు అనేక మందుల విషయంలో ముందు తాళంకప్ప లోపలి గుంటను అణువు అణువుగా పరిశీలించి, ఆ తర్వాతే తాళంచెవి చెక్కుతున్నారు. నా తాళంచెవి ఆనాడు భోషాణంలో ఏ వైపుకు తిరిగి ఇరుక్కుందో చూడాలని నాకు తోచనే లేదు.

ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్ళనడిగి రెండు తాళంచెవులు తీసుకుని, పక్కపక్కన పెట్టి, ఏ పన్ను దగ్గర తేడా ఉందో వేలితో తడిమి చూసి నాకు రాయండి. సరిపడని దాన్ని మాత్రం తాళంకప్పలో దూర్చకండి.

మీ తాతయ్య