చేప పొట్ట ఉబ్బితే ఎదురుచూడకండి: అక్వేరియం చేపల గుడ్లపై అపోహలు - వాస్తవాలు

పోయిన ఆదివారం రాత్రి షాపు కట్టేసే వేళకు ఒకావిడ పదేళ్ల కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లాడి చేతిలో స్టీలు క్యాను, అందులో ఒరండా గోల్డ్‌ఫిష్.

"అన్నా, మా గోల్డీ ప్రెగ్నెంట్. పన్నెండు రోజులైంది, ఇంకా గుడ్లు పెట్టట్లేదు. త్వరగా పెట్టడానికి ఏమన్నా మందుందా?"

క్యాను మూత తీసి పైనుంచి చూశాను. పొలుసులన్నీ లేచి నిలబడి ఉన్నాయి. సీతాఫలం తొక్క ఎలా ఉంటుందో అచ్చం అలాగే. చేప అడుగున కూర్చుని మొప్పలు మాత్రం ఆడిస్తోంది. పుట్టబోయే పిల్లల కోసం పిల్లాడు ఇంట్లో వేరే టబ్బు కడిగి, నీళ్లు నింపి, మొక్కలు వేసి సిద్ధంగా పెట్టాడట. వాడి మొహం చూస్తే నాకు కాసేపు నోట మాట రాలేదు. చేప మర్నాడే పోయింది.

గుంటూరులో పదిహేడేళ్లుగా అక్వేరియం షాపు నడుపుతున్నాను. ఇలాంటి క్యాను నెలకు ఒకటైనా నా కౌంటర్ మీదికి వస్తుంది. వాట్సాప్‌లో వచ్చే ఫోటోలైతే లెక్కే లేదు. అందుకే ఈ పోస్టు.

అపోహ: పొట్ట ఉబ్బిందంటే చేప కడుపుతో ఉన్నట్టే.

వాస్తవం: గేదె చూడి కట్టినట్టు గోల్డ్‌ఫిష్ చూడి కట్టదు. గోల్డ్‌ఫిష్, ఫైటర్, ఏంజెల్, టెట్రా, బార్బ్, ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ ఇవన్నీ గుడ్లు పెట్టే చేపలు. ఆడది గుడ్లు నీళ్లలోకి వదిలాక మగది వాటి మీద పాలు, అంటే వీర్యం, వదులుతుంది. పిల్ల తయారయ్యేది బయట, ఆ గుడ్డులో. తల్లి కడుపులో కాదు. కాబట్టి గోల్డ్‌ఫిష్‌కి నెలలు నిండటం, డెలివరీ డేటు లాంటివేమీ లేవు. కడుపులో పిల్లల్ని మోసేవి గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్. మామూలు ఇళ్లలో కనిపించేవాటిలో దాదాపు అంతే.

మాట తప్పైతే ఏం పోయింది అంటారా? నా బాధ మాట గురించి కాదు. "కడుపుతో ఉంది" అని ఒకసారి అనుకున్నాక మనం చేసే పని ఎదురుచూడటం ఒక్కటే. కదిలిస్తే భయపడుతుందని నీళ్లు మార్చరు. బలం కావాలని మేత రెట్టింపు వేస్తారు. ఇంటికి వచ్చినవాళ్లందరికీ చూపిస్తారు. ఆ పది రోజులూ చేప లోపల కుళ్లిపోతూ ఉంటుంది. మొదటి రెండు మూడు రోజుల్లో వస్తే బతికించగలిగే చేపను, పొలుసులు లేచాక తెస్తారు. అప్పుడు నా దగ్గర మందు లేదు. నిజానికి ఎవరి దగ్గరా పెద్దగా లేదు.

పొట్ట ఎందుకు ఉబ్బుతుంది? ఒరండా, రాంచు లాంటి గుండ్రటి జాతులకు మామూలు కారణం మలబద్ధకం. వాటి పొట్టి ఒంట్లో పేగులు ఇరుకుగా సర్దుకుని ఉంటాయి. తేలే మేత గింజలు ఎక్కువగా వేస్తే లోపల నాని ఉబ్బుతాయి. రెండోది డ్రాప్సీ. మురికి నీళ్లతో చేప నీరసపడినప్పుడు ఏరోమోనాస్ లాంటి బ్యాక్టీరియా ఒంట్లోకి చేరి కిడ్నీలను దెబ్బతీస్తుంది. నీరు బయటికి పోక ఒళ్లంతా చేరుతుంది, పొలుసులు లేస్తాయి, కళ్లు ఉబ్బుతాయి. లోపల కణితి పెరిగినా పొట్ట పెరుగుతుంది. గుడ్ల వల్ల కూడా పెరుగుతుంది, కాదనను. కానీ ఆ మాట అనుకునే ముందు మిగతావి కావని తేల్చుకోవాలి.

తేల్చుకోవడం కష్టమేం కాదు. చేపను పక్కనుంచి కాదు, పైనుంచి చూడండి. గుడ్లున్న ఆడ గోల్డ్‌ఫిష్ పొట్ట వెనక భాగంలో, మలద్వారం వైపు నిండుగా ఉంటుంది. చాలాసార్లు ఒక పక్క కాస్త ఎక్కువగా కూడా ఉంటుంది. పొలుసులు ఒంటికి అతుక్కుని నున్నగా మెరుస్తుంటాయి. మేత డబ్బా చప్పుడైతే చాలు, పరిగెత్తుకొస్తుంది. జబ్బు చేప మేత దగ్గరికి రాదు, వచ్చినా నోట్లో వేసుకుని ఉమ్మేస్తుంది. రెక్కలు ముడుచుకుని ఒక మూల ఉంటుంది. పైనుంచి చూసినప్పుడు ఒక్క పొలుసు అంచు లేచి కనిపించినా అది గుడ్లు కాదు. ఒక్క పెర్ల్‌స్కేల్ జాతికి మాత్రం పుట్టుకతోనే పొలుసులు ముత్యాల్లా ఉబ్బి ఉంటాయి, దాన్ని చూసి కంగారు పడొద్దు.

వయసు కూడా చూడండి. గోల్డ్‌ఫిష్ గుడ్లకు రావాలంటే సాధారణంగా ఏడాది దాటాలి. నిరుడు దీపావళికి పుట్టిందో లేదో తెలియని, బొటనవేలంత పిల్ల పొట్ట ఉబ్బితే అందులో గుడ్లు వెతక్కండి.

అనుమానం రాగానే చేయాల్సింది: రెండు రోజులు మేత పూర్తిగా ఆపేయండి. నీళ్లలో అమ్మోనియా (చేప మలం, మిగిలిన మేత వల్ల చేరే విషం) ఎంతుందో టెస్ట్ చేయండి. కిట్ లేకపోతే ఒక బాటిల్లో నీళ్లు తీసుకుని దగ్గర్లోని షాపుకి వెళ్లండి. క్లోరిన్ తీసేసిన నీళ్లతో, అదే వేడి ఉండేలా చూసుకుని, రోజూ పావు వంతు మార్చండి. మూడో రోజు ఉడికించి తొక్క తీసిన పచ్చి బఠాణీ చిదిమి కొంచెం పెట్టండి. మలబద్ధకమైతే దారంలా మలం పడి పొట్ట తగ్గుతుంది. గుడ్లే అయితే వీటిలో ఏ ఒక్కటీ వాటికి హాని చేయదు. అందుకే చెబుతున్నాను, ఎదురుచూడటంలో లాభం ఏమీ లేదు, నష్టం మాత్రం ఉంది. పొలుసులు లేచిపోయి ఉంటే వేరే టబ్బులోకి మార్చండి. చేపలు చూసే వెటర్నరీ డాక్టర్ అందుబాటులో ఉంటే ఆ రోజే చూపించండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, షాపు పెట్టిన కొత్తలో ఇదే తప్పు నేనూ చేశాను. ఇంజినీరింగ్ చదివే ఒక కుర్రాడు సీసాలో చేపను తెచ్చి చూపించాడు. నేను పక్కనుంచే చూసి "గుడ్లున్నాయి తమ్ముడూ, ఒక వారం ఆగు" అన్నాను. నా మాట నమ్మి ఆగాడు. వారం తర్వాత ఖాళీ సీసాతో వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అప్పట్నుంచి పైనుంచి చూడకుండా ఏ చేప గురించీ నోరు తెరవను.

అపోహ: గుడ్లు రావడం లేదంటే పొట్ట మెల్లగా నొక్కితే వచ్చేస్తాయి.

దయచేసి ఈ పని చేయకండి. వీడియోల్లో చేసేవాళ్లు ఏం చూపిస్తున్నారో, ఏం దాస్తున్నారో నాకు తెలుసు. మాది కైకలూరు దగ్గర పల్లె. ఇంటర్ సెలవుల్లో మా పెదనాన్నతో పాటు కార్పు హేచరీలో పని చేశాను. అక్కడ బొచ్చెకు గుడ్ల కోసం హార్మోన్ ఇంజక్షన్ ఇచ్చిన ఆరేడు గంటలకు గుడ్లు లోపల తిత్తి నుంచి విడివడతాయి. అప్పుడు చేపను తడిగుడ్డలో పట్టుకుని కొంచెం వంచితే చాలు, వేలి ఒత్తిడి కూడా అక్కర్లేదు, ప్లాస్టిక్ బేసిన్లోకి ధారగా జారిపోతాయి. ఒకసారి నేను తొందరపడి ముందే నొక్కాను. నాలుగు గుడ్లు, వాటి వెనకే రక్తం. పెదనాన్న చేపను నా చేతుల్లోంచి లాక్కుని చెరువులోకి వదిలాడు, ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. విడివడని గుడ్లు ఎంత నొక్కినా రావు. లోపల చిరుగుతుంది, అంతే.

"మరి ఇంజక్షన్ ఇవ్వండి" అనేవాళ్లూ ఉన్నారు. శీలావతి, బొచ్చె లాంటివి నిలవ నీళ్ల చెరువులో గుడ్లు పెట్టవు, వాటికి వరద నీటి ప్రవాహం కావాలి. అందుకే ఇంజక్షన్. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలీకున్హి అనే శాస్త్రవేత్తలు ఈ పద్ధతిలో గుడ్లు పెట్టించగలిగారు. ఆ తేదీనే మన దేశంలో చేపల రైతుల దినంగా జరుపుతున్నారు. గోల్డ్‌ఫిష్ కూడా కార్పు కుటుంబమే కానీ దానికి ఆ ప్రవాహం అక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న మగ, ఆడ, శుభ్రమైన నీళ్లు, అంటించుకోవడానికి మొక్కలో కొబ్బరి పీచో ఉంటే తెల్లవారుజామున తనంతట తనే పెడుతుంది.

అపోహ: గుడ్లు పెట్టకపోతే ఆడ చేప చచ్చిపోతుంది.

ఈ భయంతో రాత్రుళ్లు నిద్రపోనివాళ్లని చూశాను. టెన్షన్ పడకండి. పెట్టని గుడ్లను చాలావరకు చేప ఒళ్లే తిరిగి పీల్చుకుంటుంది. ఇంజక్షన్ ఇవ్వని తల్లి చేపలు మా చెరువుల్లో వానాకాలమంతా నిండు పొట్టతో ఉండి, సీజన్ దాటాక మామూలుగా అయ్యేవి. మరుసటి ఏడాది మళ్లీ గుడ్లకు వచ్చేవి.

అపోహ: మొప్పల మీద తెల్ల చుక్కలు వస్తే వైట్ స్పాట్ జబ్బు.

ఇక్కడ ఉల్టా. పొట్ట దగ్గర జబ్బును చూసి సంతోషపడతారు, ఇక్కడ మంచి గుర్తును చూసి ట్యాంకులో మందు పోస్తారు. గుడ్ల కాలంలో మగ గోల్డ్‌ఫిష్‌కి మొప్పల మూతల మీద, మొప్పల వెనకే ఉండే జత రెక్కల ముందంచు మీద చిన్న గట్టి తెల్ల చుక్కలు వస్తాయి. వరసగా, ఒకే సైజులో, ముగ్గు చుక్కల్లా. వైట్ స్పాట్ అలా వరసలో రాదు. తోక మీద, వీపు మీద, రెక్కల మీద ఎక్కడపడితే అక్కడ ఉప్పు చల్లినట్టు ఉంటుంది, చేప రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంది. ఒకతను ఆ చుక్కలు పోవడం లేదని నెలరోజులు మందు పోశాడు. పోతాయా? అది జబ్బే కాదు.

మగది ఆడదాని వెనకే తిరుగుతూ ముక్కుతో పొట్ట కింద పొడుస్తుంటే చాలామంది అది పోట్లాట అనుకుని విడదీస్తారు. అది గుడ్లు పెట్టించే ప్రయత్నం. ఆడదాని రెక్కలు చిరిగి, పొలుసులు ఊడేదాకా వెళ్తేనే విడదీయండి. ఫైటర్ చేపల సంగతి వేరు. వాటిని జత కలిపితే దగ్గరే ఉండి చూడాలి, గుడ్లు పెట్టగానే ఆడదాన్ని తీసేయాలి, లేకపోతే మగది చంపేస్తుంది. మగ ఫైటర్ నురగ గూడు కట్టాడంటే ఆడది గుడ్లు పెట్టిందని కాదు, ఒంటరిగా ఉన్నా కడతాడు.

అద్దానికి జెల్లీ ముద్దలో గుడ్లు అంటుకుని ఉంటే అవి నత్తవి. గట్టి తెల్ల నువ్వు గింజల్లా రాళ్ల మీద ఉన్నవీ నత్తవే. నీటి మట్టానికి పైన గులాబీ రంగు గుత్తి ఉంటే అది ఆపిల్ నత్త. గోల్డ్‌ఫిష్ గుడ్డు గసగసం కంటే కాస్త పెద్దది, లేత పసుపు, అటూ ఇటూ చెదిరి విడివిడిగా మొక్కలకు అంటుకుని ఉంటుంది. వేలితో తాకితే జిగురు తెలుస్తుంది. ఏంజెల్ అయితే ఆకు మీదో, పైపు మీదో వరసలు కట్టి పెడుతుంది. పెట్టబోయే ముందు రెండూ కలిసి ఆ చోటును నోటితో గంటల తరబడి శుభ్రం చేస్తాయి.

తెల్లగా మారిన గుడ్డు మంచి గుడ్డు కాదు. అది పాడైంది. మర్నాటికి దాని మీద దూదిలా బూజు వస్తుంది, పక్క గుడ్లకూ అంటుతుంది. తీసేయండి. నీళ్లలో లేత నీలం వచ్చేలా మెథిలీన్ బ్లూ (బూజును ఆపే నీలి మందు) వేస్తే మిగతావి నిలుస్తాయి.

మగది లేకుండానే గుడ్లు పెట్టిందా? వింతేం లేదు, ఫ్లవర్‌హార్న్, ప్యారెట్ ఆడవి ఒంటరిగానూ పెడతాయి. కోడి పెట్టినట్టే. పిల్లలు రావు. ప్యారెట్ చేప సంకరజాతి, వాటి మగవాటిలో ఎక్కువ శాతం గొడ్డువి, కాబట్టి జత ఉన్నా ఆశ పెట్టుకోకండి. రెండు ఆడ ఏంజెల్స్ జతకట్టి గుడ్లు పెట్టడం కూడా మామూలే.

గప్పీ ఒంటరి ఆడదాన్ని కొనుక్కెళ్లాక నెలలు గడిచి పిల్లలు పెడితే నన్ను తిట్టకండి, మగదాని పాలను అది నెలల తరబడి లోపల దాచుకోగలదు.

తల్లిదండ్రులు గుడ్లు తినేశాయని ఏడ్చినవాళ్లు ఉన్నారు. తప్పు మీది కాదు, చేపది కూడా కాదు. గోల్డ్‌ఫిష్‌కి అవి మేతలాగే కనిపిస్తాయి. ఈసారి గుడ్లున్న మొక్కను పైకి తీసి, అదే ట్యాంకు నీళ్లున్న వేరే టబ్బులో పెట్టి సన్నగా గాలి వదలండి.

24 డిగ్రీల నీళ్లలో మూడు నాలుగు రోజులకు పొదుగుతాయి. అంతకు ముందే గుడ్డులో రెండు నల్ల చుక్కలు కనిపిస్తాయి, అవి కళ్లు. పిల్లలు బయటికి వచ్చిన మొదటి రెండు రోజులు ఈదవు. కనురెప్ప వెంట్రుక ఊడి అద్దానికి అంటుకున్నట్టు కదలకుండా వేలాడుతుంటాయి. పొట్ట కింద తెచ్చుకున్న సొనే వాటికి ఆహారం. చచ్చిపోయాయనుకుని ఎంతోమంది ఆ టబ్బు నీళ్లు బాత్రూంలో పారబోశారు. పారబోయకండి, మేతా వేయకండి. టార్చ్ లైటు పక్కనుంచి వేసి చూడండి, లోపల గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది.