ఆన్ మోబ్రే: ఎనిమిదేళ్ల డచెస్ గురించి అపోహలు - వాస్తవాలు

పదిహేనో శతాబ్దపు ఇంగ్లండ్ ఆస్తి పత్రాలు చదివేవాళ్లకు ఆన్ మోబ్రే పేరు తప్పకుండా తగులుతుంది. 1472 డిసెంబరు 10న సఫోక్‌లోని ఫ్రామ్లింగమ్ కోటలో పుట్టింది. మూడేళ్లకు తండ్రి పోయాడు. అయిదేళ్లకు పెళ్లయింది. తొమ్మిదో పుట్టినరోజుకు ఇంకా మూడు వారాలుందనగా, 1481 నవంబరు 19న గ్రీనిచ్‌లో చనిపోయింది. ఆమె గురించి ప్రచారంలో ఉన్న తప్పుల్లో చాలావరకు భూమి చట్టాన్ని పక్కనపెట్టి కథ చెప్పబోవడం వల్ల వచ్చినవే.

అపోహ: తండ్రి పోగానే ఆమె నార్ఫోక్ డచెస్ అయింది.

కాలేదు. ఆమె తండ్రి జాన్ మోబ్రే నార్ఫోక్ నాలుగో డ్యూక్ (ప్రభువుల్లో అత్యున్నత బిరుదు; స్త్రీ అయితే డచెస్). డ్యూక్ బిరుదు మగ వారసులకే చెల్లుతుంది కాబట్టి 1476 జనవరిలో ఆయనతోనే ఆగిపోయింది. అంతకన్నా పాతదైన ఎర్ల్ బిరుదు (డ్యూక్ కన్నా కిందిది; స్త్రీ అయితే కౌంటెస్) కూతురికి వచ్చింది. అంటే ఆమె సొంత హక్కుతో నార్ఫోక్ కౌంటెస్. డ్యూక్ బిరుదును రాజు నాలుగో ఎడ్వర్డ్ 1477 ఫిబ్రవరిలో కొత్తగా సృష్టించి తన రెండో కొడుకు రిచర్డ్‌కు కట్టబెట్టాడు. ఆ పిల్లవాడికి అప్పుడు మూడేళ్లు. ఆన్‌ను డచెస్ అనడం పెళ్లయ్యాకే, అదీ భర్త తరఫునే సరి.

అపోహ: దేశంలోని గొప్ప ఎస్టేటుల్లో ఒకటి మొత్తం ఆమె చేతికొచ్చింది.

వారసత్వం వచ్చింది, చేతికి రాలేదు. ఆనాటి చట్టంలో, రాజు నుంచి నేరుగా పొందిన భూములకు వారసులు మైనర్లైతే వార్డ్‌షిప్ (సంరక్షణ హక్కు) రాజుదే. భూమి రాబడితోపాటు పెళ్లి కుదిర్చే హక్కు కూడా అందులోనే ఉంటుంది. రెండూ అమ్ముడుపోయే సరుకులే. మగపిల్లవాడికి ఇది 21 ఏళ్లకు ముగుస్తుంది. ఆడపిల్లకు 14 ఏళ్లకు. పెళ్లి కాకపోతే 16 దాకా లాగొచ్చని 1275 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ చట్టం చెప్తుంది.

ఇంకో సంగతి చాలామంది వదిలేస్తారు: బతికున్న వితంతువుల వాటాలు. అప్పటి చట్టంలో భర్త పోతే అతని భూముల్లో మూడో వంతు భార్యకు జీవితాంతం చెందుతుంది. ఆన్ తండ్రి పోయేనాటికి ఆ ఇంట్లో అలాంటివాళ్లు ఇద్దరున్నారు. ఒకరు తల్లి ఎలిజబెత్ టాల్బట్. మరొకరు 1432లోనే భర్తను పోగొట్టుకుని, నలభై ఏళ్లకు పైగా వాటా అనుభవిస్తున్న తాతమ్మ క్యాథరీన్ నెవిల్. ఒకరి వాటాలోంచి మరొకరికి వాటా రాదు. అందుకని మొత్తంలో మూడో వంతు పోగా, మిగిలినదాంట్లో మళ్లీ మూడో వంతు పోతుంది. వారసురాలికి దక్కేది తొమ్మిదింట నాలుగు వంతులు. పెళ్లినాటి జాయించర్ ఒప్పందాలుంటే (భర్త పోతే భార్యకు దక్కేలా ముందే రాసిపెట్టే భూములు) అది ఇంకా తగ్గుతుంది. ఎస్టేటు విలువ కట్టేటప్పుడు ముందు చూడాల్సింది ఎవరెవరు బతికున్నారన్నదే.

అపోహ: పెళ్లితో భూములు శాశ్వతంగా భర్తవైపోయాయి.

అసలు కథంతా ఇక్కడే ఉంది. అప్పటి చట్టంలో భార్య భూమి ఆమె బతికున్నన్నాళ్లు భర్త ఏలుబడిలో ఉంటుంది. ఆమె పోయాక కూడా అతను జీవితాంతం అనుభవించాలంటే కర్టసీ అనే హక్కు పుట్టాలి. దానికి షరతు ఒక్కటే: ఆ దంపతులకు బిడ్డ ప్రాణంతో పుట్టి ఉండాలి. ఆ తర్వాత బిడ్డ పోయినా ఫర్వాలేదు. నాలుగు గోడల మధ్య ఏడుపు వినబడిందా అన్నది పాతకాలం నాటి రుజువు.

ఎనిమిదేళ్ల పిల్ల పోతే ఆ ప్రశ్నే రాదు. మామూలు చట్టం ప్రకారం ఆస్తి మొదటి డ్యూక్ థామస్ కూతుళ్ల సంతతికి పోవాలి. ఆడవాళ్ల మధ్య పెద్దా చిన్నా లేదు, సమాన వాటాలే. ఒక కూతురి కొడుకు జాన్ హోవర్డ్, మరో కూతురి కొడుకు విలియం బార్క్‌లీ. బార్క్‌లీని రాజు అప్పులు మాఫీ చేసి, 1481లో వైకౌంట్‌ను (ఎర్ల్ కన్నా కింది ప్రభువును) చేసి దారికి తెచ్చుకున్నాడు. హోవర్డ్‌కు ఏమీ దక్కలేదు. 1483 జనవరిలో పార్లమెంటు చట్టం వచ్చింది: భూములు రిచర్డ్‌కు జీవితాంతం, తర్వాత అతని వారసులకు, వాళ్లు లేకపోతే రాజు వారసులకు. న్యాయంగా రాని ఆస్తికి చట్టం తొడుగు వేశారన్నమాట.

నాలుగో ఎడ్వర్డ్ పోయాక, అదే ఏడాది జూన్ 16న ఆన్ భర్త రిచర్డ్‌ను లండన్ టవర్ అనే కోటకు తీసుకెళ్లారు. పన్నెండు రోజులకే కొత్త రాజు, ఆ పిల్లవాడి బాబాయి మూడో రిచర్డ్, నార్ఫోక్ డ్యూక్ బిరుదును హోవర్డ్‌కు, నాటింగ్‌హామ్ ఎర్ల్ బిరుదును బార్క్‌లీకి ఇచ్చాడు. హోవర్డ్ ఎందుకు మూడో రిచర్డ్ వైపు మొగ్గాడని వెతికేవాళ్లు ఆ జనవరి చట్టాన్ని ముందు చదవాలి.

అపోహ: ఆస్తి కోసం ఆమెను చంపించారు.

పైన చెప్పిన కర్టసీ సంగతి గుర్తుంటే చాలు. ఆమె పెరిగి, బిడ్డను కని ఉంటే రాజుకు ఏ చట్టమూ అక్కర్లేకపోయేది. ఆమె చావు అతనికి నష్టమే.

అపోహ: అది ఉత్తుత్తి పెళ్లి.

1478 జనవరి 15న వెస్ట్‌మిన్‌స్టర్‌లోని సెయింట్ స్టీఫెన్స్ చాపెల్‌లో జరిగింది. ఇద్దరికీ నెవిల్ వంశం ద్వారా రక్తసంబంధం ఉంది కాబట్టి పోప్ అనుమతి పత్రం చదివాకే తంతు మొదలైంది. వారం తర్వాత జరిగిన పోటీల్లో గెలిచినవారికి బహుమతులు పెళ్లికూతురి పేరుమీదే ఇచ్చారు: వజ్రం పొదిగిన బంగారు ఏ, కెంపుతో ఈ, పచ్చతో ఎం అక్షరాలు. అయితే చర్చి చట్టంలో కట్టుబడే వయసు ఆడపిల్లకు 12, మగపిల్లవాడికి 14. అప్పటిదాకా ఎవరైనా కాదనొచ్చు. ఇక్కడ కాపురం ప్రసక్తే లేదు. ఏడో హెన్రీ తల్లి మార్గరెట్ బ్యూఫోర్ట్ 13 ఏళ్లకే తల్లయిన ఉదంతాన్ని తెచ్చి ఆన్‌కు అంటగట్టడం సరికాదు.

అపోహ: ఆమె ఎముకలు టవర్ రాకుమారుల మిస్టరీని తేల్చేశాయి.

టవర్ రాకుమారులంటే ఆ టవర్‌లో ఉండి కనిపించకుండా పోయిన రిచర్డ్, అతని అన్న. ఆన్‌ను మొదట వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బే అనే చర్చిలోనే సమాధి చేశారు. ఏడో హెన్రీ చాపెల్ కట్టడానికి పాత చాపెల్ కూల్చినప్పుడు, తల్లి చివరికాలం గడిపిన ఆల్డ్‌గేట్ బయటి సన్యాసినుల మఠానికి మార్చారు. 1964 డిసెంబరులో అక్కడ భవన నిర్మాణానికి తవ్వుతుంటే సీసపు పేటిక బయటపడింది. దానిమీది లాటిన్ పలక వల్లే ఆమె అని తెలిసింది. 1965 మేలో తిరిగి అబ్బేలో పూడ్చారు. ఆమెకు కొన్ని శాశ్వత దంతాలు పుట్టుకతోనే లేవు. టవర్‌లో 1674లో దొరికిన ఎముకలతో పోల్చింది ఆ లక్షణాన్నే. అలాంటి లోపం మామూలు జనాభాలోనూ కనిపిస్తుంది. పైగా ఆన్ వాళ్లకు దూరపు చుట్టమే, తోబుట్టువు కాదు. అంతమాత్రాన గుర్తింపు తేలదు.

తేదీలు సరిచూసుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. అప్పట్లో ఏడాది మార్చి 25న మారేది. పత్రంలో 1477 జనవరి అని ఉన్న పెళ్లి మన లెక్కలో 1478 జనవరి. రాజు పాలనా సంవత్సరమేమో మార్చి 4న మారుతుంది, ఆ పెళ్లి నాలుగో ఎడ్వర్డ్ 17వ ఏట పడుతుంది. పాత లెక్కనూ మన లెక్కనూ కలగలిపితే పెళ్లికూతురి వయసు నాలుగవుతుంది. వంశవృక్షాల్లో తేలిగ్గా దొర్లగలిగే తప్పు ఇదే.