పాస్‌త్రూలో డ్రైవర్ పేరు చూసి తీర్పు చెప్పకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

కంప్యూటర్లోని ఒక కార్డుని నేరుగా వర్చువల్ మెషీన్ (వీఎం, అంటే కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్) చేతికి ఇవ్వడమే పాస్‌త్రూ. లైనక్స్‌లో అందుకు ఉన్న వ్యవస్థ వీఎఫ్ఐఓ.

అపోహ: కార్డుని పట్టుకున్న డ్రైవర్ పేరు వీఎఫ్ఐఓ-పీసీఐ అయితేనే వర్చువల్ మెషీన్‌కి ఇవ్వగలం.

వాస్తవం: ఒకప్పుడు నిజమే. 2012లో లైనక్స్ 3.6తో వీఎఫ్ఐఓ వచ్చాక చాలా ఏళ్లు పీసీఐ కార్డులకి ఉన్నది ఆ ఒక్క డ్రైవరే. 2022లో 5.18 కెర్నల్‌తో లెక్క మారింది. మెల్లనాక్స్ కార్డులకి ఎంఎల్ఎక్స్5-వీఎఫ్ఐఓ-పీసీఐ అనే వేరియంట్ డ్రైవర్ వచ్చింది, హైసిలికాన్ యాక్సిలరేటర్లకి ఇంకోటి. ఇవి మామూలు డ్రైవర్ చేసే పనంతా చేస్తూనే, లైవ్ మైగ్రేషన్ (నడుస్తున్న వీఎంని వేరే సర్వర్‌కి మార్చడం) అప్పుడు కార్డు లోపలి స్థితిని బయటికి తీసి అవతలి హోస్ట్‌కి, అంటే వీఎంని నడిపే సర్వర్‌కి, పంపగలవు. పేరు సరిపోలలేదని మన స్క్రిప్టు దాన్ని ఊడదీసి మామూలు డ్రైవర్ తగిలిస్తే వీఎం హాయిగానే బూట్ అవుతుంది, ఎర్రర్ ఏమీ రాదు, కానీ మైగ్రేషన్ పోయిన సంగతి మెయింటెనెన్స్ రాత్రి తెలుస్తుంది, అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్.

మరి ఏం చూడాలి? సిస్‌ఎఫ్ఎస్‌లో (కెర్నల్ పరికరాల వివరాలని ఫైళ్లుగా చూపించే చోటు) ఆ కార్డు డైరెక్టరీ తెరవండి. లోపల వీఎఫ్ఐఓ-డెవ్ అనే ఫోల్డర్ ఉంటే, డ్రైవర్ పేరు ఏదైనా సరే అది వీఎఫ్ఐఓలో నమోదైన డ్రైవరే. ఇది 6.1 కెర్నల్ నుంచే ఉంది, అంతకంటే పాతవాటిలో ఫోల్డర్ లేదని కార్డు పనికిరాదనుకోకండి, అక్కడ వీఎఫ్ఐఓ డ్రైవర్ల పేర్ల జాబితాతో పోల్చి చూడక తప్పదు.

అపోహ: ఏ కార్డుకి ఏ వేరియంట్ డ్రైవరో మనమే గుర్తుపెట్టుకోవాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఏ కార్డుకి ఏ డ్రైవరో రాసి ఉండే మాడ్యూల్స్.ఎలియాస్ ఫైల్లో హోస్ట్ వాడే మామూలు డ్రైవర్ల వరుసలు పీసీఐ అని మొదలైతే, వేరియంట్ డ్రైవర్లవి వీఎఫ్ఐఓ-పీసీఐ అని మొదలవుతాయి. ఈ రెండో రకంలో మీ కార్డు ఐడీకి సరిపోయే వాటిలో వైల్డ్‌కార్డులు (‘ఏదైనా సరే’ అని చెప్పే * గుర్తులు) తక్కువున్న వరుస తీసుకోండి. వీఎంలని నిర్వహించే లిబ్‌వర్ట్ సాఫ్ట్‌వేర్‌లో, 2024లో వచ్చిన 10.0.0 నుంచి మేనేజ్డ్ మోడ్‌లో (డ్రైవర్ మార్చే పని అదే చూసుకునే పద్ధతి) ఇది దానంతటదే జరుగుతుంది. నన్నడిగితే సొంత స్క్రిప్టు కంటే దానికే వదిలేయడం మేలు.

అపోహ: వీఎఫ్ఐఓ డ్రైవర్ పడితే పని అయిపోయినట్టే.

వాస్తవం: అదే ఐఓఎంఎంయూ గ్రూపులో (ఒకదాన్నుంచి ఒకటి విడదీసి ఇవ్వలేని కార్డుల గుంపు) ఉన్న పక్క కార్డుని హోస్ట్ డ్రైవర్ వాడుకుంటుంటే ఆ గ్రూపులో దేన్నీ వీఎంకి ఇవ్వలేం. దాన్ని తప్పించుకోడానికి ఏసీఎస్ ఓవర్‌రైడ్ ప్యాచ్ వేస్తారు కొందరు. అది మెయిన్‌లైన్ (అధికారిక) కెర్నల్‌లో లేదు, కార్డుల మధ్య లేని రక్షణని ఉన్నట్టు చూపిస్తుంది, వేరేవాళ్ల వీఎంలు నడిచే సర్వర్లో దయచేసి వద్దు.

అపోహ: కార్డుల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌లో డ్రైవర్ పేరు కనిపిస్తే చాలు.

వాస్తవం: ‘కెర్నల్ మాడ్యూల్స్’ వరుసలో ఉండేవి ఆ కార్డుకి పనికొచ్చే డ్రైవర్లు మాత్రమే. నిజంగా పట్టుకున్నది ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ వరుసలో ఉంటుంది, ఆ వరుసే లేకపోతే కార్డుకి ఇంకా ఏ డ్రైవరూ తగల్లేదన్నమాట.