అపోహలు - వాస్తవాలు: "హార్డ్ డిస్క్‌లో వేశాం కదా, బ్యాకప్ ఉన్నట్టే"

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో డేటా రికవరీ పని చేస్తాను. వారానికి ఒక్కసారైనా ఈ మాట వింటాను: "అన్నా, అంతా బ్యాకప్‌లనే ఉంది. ఆ బ్యాకప్పే ఓపెన్ అయితలేదు."

మరి అసలు కాపీ ఏదమ్మా అంటే, ల్యాప్‌టాప్ నిండిపోయిందని కట్ చేసి ఇందులో వేశామంటారు. అది బ్యాకప్ కాదు. ఫైళ్లు ఇల్లు మారాయి, అంతే. ఒకే ఫైలు కనీసం రెండు చోట్ల ఉండాలి. తిరిగే భాగాల్లేని ఖరీదైన ఎస్‌ఎస్‌డీ డ్రైవ్ కొన్నా, ఉన్నది ఒక్క కాపీయే అయితే అదీ బ్యాకప్ కాదు. ఏ కంపెనీది మంచిదని అరగంట అడుగుతారు, ఎన్ని కొనాలని ఎవరూ అడగరు.

మొన్న వానాకాలంలో మలక్‌పేట నుంచి ఒకావిడ 1 టీబీ డిస్కును చున్నీలో చుట్టుకుని తెచ్చారు. పాప కాలికి కేబుల్ తగిలి, నడుస్తున్న డిస్కు టేబుల్ మీంచి పడిందట. ఒక్క క్షణం కరెంటిచ్చి విన్నాను. టిక్, టిక్, కాస్త ఆగి మళ్లీ టిక్. లోపల డేటా ఉండే పళ్లెం నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంటే, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో ఆ డేటా చదివే హెడ్ తేలుతుంటుంది. పడగానే పక్కన పెట్టేస్తే చాలావరకు దక్కేవి. రెండు రోజులు మళ్లీ మళ్లీ ఆన్ చేశారు. ఎవరో చెప్పారని ఒక రాత్రి ఫ్రీజర్‌లో కూడా పెట్టారు. ఈ ఫ్రీజర్ వైద్యం ఎవరు పుట్టించారో గానీ, దయచేసి నమ్మకండి. బయటికి తీయగానే చెమ్మ పట్టి ఉన్న ఆశా పోతుంది. విప్పి చూస్తే పళ్లెం నిండా గీతలు. పాప అన్నప్రాశన ఫోటోలు రాలేదు. "నాదే తప్పు" అని ఏడుస్తుంటే నాకూ మాట రాలేదు. ఆవిడ తప్పేముంది? రెండో కాపీ ఉండాలన్న ముక్క డిస్కు అమ్మినవాళ్లు చెప్పలేదు.

ఇక మిగతావి. పెన్ డ్రైవ్ ఇచ్చిపుచ్చుకోవడానికే, దాచడానికి కాదు. ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా బీరువాలో ఉంటే అందులో చార్జ్ మెల్లగా తగ్గిపోతుంది. ఫుట్‌పాత్ మీద కొన్ని వందలకే దొరికే 2 టీబీ పెన్ డ్రైవ్ నకిలీది. చిన్న చిప్ పెట్టి పెద్దదిగా చూపిస్తారు. ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి, ఫైలు తెరుచుకోదు. 4 జీబీ దాటిన వీడియో ఎక్కకపోతే డ్రైవ్ పాడైనట్టు కాదు, అది ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది, అంత పెద్ద ఫైలును అది తీసుకోదు. లోపలివి వేరేచోట పెట్టుకుని పెద్ద ఫైళ్లు పట్టే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. 1 టీబీ కొంటే విండోస్‌లో 931 జీబీ చూపించడం మోసం కాదు, లెక్కపెట్టే పద్ధతి వేరు. గూగుల్ ఫోటోస్ యాప్‌లో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది. ట్రాష్‌లో ఉండేది 60 రోజులే.

రెండు డిస్కులు కొనండి. ఒకటి మీ ఇంట్లో, ఇంకొకటి అక్కావాళ్ల ఇంట్లోనో, ఊళ్లోనో. కాపీ అవ్వగానే కేబుల్ తీసేయండి, తగిలించి వదిలేస్తే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ దాన్నీ పట్టుకుంటుంది. ఆరు నెలలకోసారి నాలుగు ఫోటోలు తెరిచి చూడండి. ఎప్పుడైనా ఆ టిక్ టిక్ వినిపిస్తే టెన్షన్ పడి మళ్లీ ఆన్ చేయకండి, అలాగే తీసుకురండి.