దగ్గు మందు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో మా ఓపీకి దగ్గుతో వచ్చేవాళ్ల సంచిలో సగం తాగి వదిలేసిన సిరప్ సీసాలు రెండు మూడైనా ఉంటాయి. దగ్గు ఎందుకు వస్తోందో తేలకుండా సీసాలు మారిస్తే డబ్బు దండగే.

అపోహ: ఏ దగ్గుకైనా ఒకటే సిరప్.

డెక్స్ట్రోమెథార్ఫాన్ దగ్గును అణిచే మందు. నిద్ర పట్టనివ్వని పొడి దగ్గుకు కొద్దిరోజులు వాడొచ్చు. తెమడ పడుతుంటే మాత్రం వద్దు, అది బయటికి రావాల్సిందే. జలుబుతో మొదలైన దగ్గు రెండు మూడు వారాలు సాగినా ఎక్కువమందికి దానంతటదే తగ్గుతుంది. జలుబు తెచ్చే వైరస్ మీద అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ పనిచేయదు.

ఐదేళ్లలోపు పిల్లలకు సొంతంగా దగ్గు సిరప్ పట్టకండి. ఏడాది నిండని బిడ్డకు తేనె కూడా నాకించొద్దు.

అపోహ: బీపీ మాత్రకూ దగ్గుకూ సంబంధం లేదు.

ఉంది. గొంతులో గరగర, పొడి దగ్గు, ఎక్స్‌రేలో ఏమీ లేదు అంటే నేను ముందు అడిగేది బీపీ మాత్రల స్ట్రిప్. ఎనలాప్రిల్, రామిప్రిల్ అంటూ పేరు చివర 'ప్రిల్' కనిపిస్తే అనుమానం దాని మీదే. టెల్మిసార్టాన్ లాంటిదానికి మారిస్తే సాధారణంగా కొన్ని వారాల్లో దగ్గు పోతుంది. మార్చాల్సింది డాక్టరే. మీరుగా మాత్ర ఆపేస్తే బీపీ పెరుగుతుంది.

అపోహ: ఇన్‌హేలర్ మొదలుపెడితే అలవాటైపోతుంది.

రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు ఉంటే ఉబ్బసం కావచ్చు. ఇన్‌హేలర్ అలవాటుపడే మందు కాదు. ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్ మాత్రలో 4 మిల్లీగ్రాముల మందు ఉంటే, ఇన్‌హేలర్ ఒక పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములే, అంటే నలభయ్యో వంతు. అదీ నేరుగా ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. 'పంపు పెట్టొద్దు సార్' అని బతిమాలేవాళ్లకు నేను ఈ లెక్కే చెప్తాను.

అపోహ: బెల్లం తింటే గని దుమ్ము కడిగేసుకుపోతుంది.

సైదాపురం, గూడూరు వైపు తెల్లరాయి (క్వార్ట్జ్) పనికి వెళ్లేవాళ్లు దయచేసి దీన్ని నమ్మొద్దు. తెల్లరాయి అంటే దాదాపు అంతా సిలికానే. ఆ సన్నటి పొడి ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టిస్తుంది. ఆ మచ్చల్ని పోగొట్టే సిరప్ లేదు, బెల్లమూ పోగొట్టదు. ముఖానికి చుట్టుకునే తువ్వాలు ఆ పొడిని ఆపలేదు. సరిగ్గా బిగిసే ఎన్95 మాస్కు కావాలి, డ్రిల్లింగ్ చేసేచోట నీళ్లు కొట్టాలి. ఇది యజమానులు చేయాల్సిన పని. సిలికా దుమ్ము పీల్చినవాళ్లకు టీబీ ముప్పు కూడా ఎక్కువ.

ఎవరికైనా సరే, జలుబుతో మొదలైనదైనా సరే, రెండు వారాలు దాటిన దగ్గుకు టీబీ కోసం తెమడ పరీక్ష చేయించాలి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. డబ్బాలో ఉమ్మి వేసి ఇస్తే ఉపయోగం లేదు. గట్టిగా ఊపిరి పీల్చి, లోపల్నుంచి దగ్గి తీసిన తెమడే ఇవ్వండి.