బోటు కడిగేటప్పుడు పైపు ఎక్కడుండాలి: అపోహలు - వాస్తవాలు

నేను దుబాయ్‌లో బోట్లు కడిగే పనిలోకి వచ్చి 11 ఏళ్లయింది. మాది కాకినాడ దగ్గర పల్లె. కోనసీమ నుంచో, జగిత్యాల వైపు నుంచో వచ్చి కొత్తగా ఈ పనిలో చేరిన మన కుర్రాళ్లు నాకు ఫోన్ చేసి ముందుగా అడిగేది ఒకటే: "అన్నా, ఏ షాంపూ వాడాలి, ఏ బ్రష్ కొనాలి?" పైపు గురించి ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. కానీ కడగడం వల్ల పాడైన బోట్లు నేను చూసినవాటిలో చాలావరకు పైపు వల్ల పాడైనవే. అందుకే ఈ పోస్టు పైపు గురించి రాస్తున్నాను.

చదివే ముందు వీలైతే ఒక పని చేయండి. ముదురు నీలం రంగు బోటు దగ్గరకి తెల్లవారకముందే వెళ్లి, ఫోన్ టార్చ్ వేసి, వెలుతురు పక్కవాటుగా పడేలా పట్టుకుని చూడండి. బ్రష్ గీతలైతే పొట్టిగా, అన్నీ ఒకే దిక్కున, పక్కపక్కనే ఉంటాయి. పైపు గీత వేరు. అది డెక్ (బోటు మీద మనం నడిచే నేల) అంచు దగ్గర మొదలై విల్లులా వంగి పోతుంది. బొటనవేలంత వెడల్పున మసక చార, దాని లోపల వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు. ఎవరో పైపు లాక్కుంటూ ముందుకు నడిచిన దారి అది. ఎన్నిసార్లు నడిచారో కూడా లెక్కపెట్టొచ్చు.

అపోహ: పైపు మెత్తగా ఉంటుంది, రబ్బరు ఏం గీస్తుంది?

వాస్తవం: గీసేది పైపు కాదు, పైపుకి అంటుకున్న ఇసుక.

పోయినేడాది మా దగ్గర జగిత్యాల కుర్రాడు ఒకడు చేరాడు. మంచి పనివాడు. మూడో రోజే నన్ను అడిగాడు: "అన్నా, పైపు మెత్తగనే ఉంది గదా, ఏం గీస్తది?" నేను జవాబు చెప్పలేదు. ఉతికిన తెల్లగుడ్డ ఒకటి చేతికిచ్చి, "జెట్టీ మీద పడున్న పైపుని ఈ గుడ్డతో పట్టుకుని ఒక్క బారెడు లాగు తమ్ముడూ" అన్నాను. లాగాడు. గుడ్డ మీద బూడిద రంగు చార పడింది. ఆ చారని రెండు వేళ్ల మధ్య నలిపి చూడమన్నాను. గరగరలాడింది. మళ్లీ నన్ను ఆ ప్రశ్న అడగలేదు.

ఇక్కడ షమాల్ గాలి వీచిందంటే ఎడారి దుమ్ము మొత్తం సముద్రం మీదకి వస్తుంది. జెట్టీ మీద సన్నటి పొరలా పరుచుకుంటుంది. తడి పైపుని దాని మీద ఈడ్చామంటే, బెల్లం ముక్కకి చీమలు పట్టినట్టు ఇసుక రేణువులు పైపుకి పట్టేస్తాయి. ఆ ఇసుకలో క్వార్ట్జ్ అనే గట్టి ఖనిజం ఉంటుంది. అది గాజుని కూడా గీస్తుంది. బోటు మీది మెరుపు పొర గాజు కన్నా చాలా మెత్తన.

దీనికి బరువు కూడా తోడవుతుంది. అర అంగుళం పైపు 20 మీటర్ల పొడవుంటే, అందులో నిలిచే నీళ్లే సుమారు రెండున్నర లీటర్లు. దాని మీద పైపు సొంత బరువు. ఆ బరువంతా డెక్ అంచు మీద ఒకే చోట వాలి, మనం అడుగు వేసినప్పుడల్లా అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది. గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. అంచుల దగ్గర మెరుపు ముందు పోవడానికి కారణం ఇదే. చాలామంది అది ఎండ వల్ల అనుకుంటారు. ఎండకి పోతే ఎండ తగిలినంత మేరా వెలవాలి కదా, ఆ ఒక్క అంచు దగ్గర జానెడు మేరే ఎందుకు పోతుంది?

అపోహ: ఫైబర్ గట్టిది. మా ఊళ్లో ఇసుక మీదే ఈడుస్తాం, ఏమీ కాలేదు

వాస్తవం: ఈ మాట అనేది ఎక్కువగా మా తీరం వాళ్లే, అందుకని కొంచెం వివరంగా చెప్తాను.

మా వైపు చేపల వేటకి వెళ్లే ఫైబర్ బోట్లని ఒడ్డు మీద ఇసుకలోనే లాగుతారు, నిజమే. అక్కడ బోటు తేలాలి, వల మోయాలి, అలకి ఆగాలి. అడుగున గీతలు పడితే ఎవరికీ పట్టదు, పట్టాల్సిన అవసరమూ లేదు. ఇక్కడ మన చేతిలో పెట్టే బోటుకి విలువంతా పైన ఉన్న మెరుపులోనే ఉంటుంది. ఆ మెరుపు ఫైబర్‌ది కాదు, దాని మీద ఉండే జెల్‌కోట్ అనే పొరది. ఆ పొర మందం మామూలుగా అర మిల్లీమీటరుకి అటూ ఇటూ. గీతలు పడ్డాయని పాలిష్ పట్టిన ప్రతిసారీ ఆ అర మిల్లీమీటరులోంచే కొంత అరిగిపోతుంది.

పెయింట్ వేసిన పెద్ద యాట్‌ల (షికారుకి వాడే ఖరీదైన బోట్ల) సంగతి ఇంకా సున్నితం. వాటి పై కోటు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. జెల్‌కోట్‌ని రుద్ది సరిచేసినట్టు దాన్ని సరిచేయడం కుదరదు. గీత లోతుగా పడితే ఆ భాగానికి మళ్లీ పెయింటే. ఆ బిల్లు ఎంతవుతుందో ఒక్కసారి చూసినవాళ్లు మళ్లీ పైపుని డెక్ మీద పడేయరు.

అపోహ: వ్యాక్స్ పెట్టాం కాబట్టి పర్వాలేదు

వాస్తవం: వ్యాక్స్ పొర కంటికి కనపడనంత పలచన. ఎండ నుంచి కాపాడుతుంది, ఉప్పునీ మురికినీ గట్టిగా పట్టనీయదు. ఇసుక రేణువుని మాత్రం ఆపలేదు.

అపోహ: తెల్ల పైపు కొన్నాం, అది మరకలు పడనివ్వదు, ఇంకేం భయం లేదు

వాస్తవం: తెల్ల పైపు మంచిదే, నేనూ అదే వాడతాను. నల్ల రబ్బరు పైపు, ఆకుపచ్చ తోట పైపు ఈడిస్తే రంగు అంటుకుంటుంది. తెల్లదానితో ఆ బాధ లేదు. కానీ రంగు మరక వేరు, గీత వేరు. ఇసుక పట్టాక తెల్ల పైపైనా ఒకటే, నల్ల పైపైనా ఒకటే.

ఇంకో సంగతి. మెత్తటి ప్లాస్టిక్ పైపుల్లో వాటిని మెత్తగా ఉంచడానికి ఒక నూనెలాంటి పదార్థం కలుపుతారు. ఎండలో పైపు వేడెక్కి డెక్ మీద గంటలకొద్దీ పడుంటే ఆ పదార్థం మెల్లగా డెక్‌లోకి, ముఖ్యంగా ప్లాస్టిక్, వినైల్ సీట్లలోకి దిగుతుంది. పైపు తీశాక పాములాంటి పసుపు చార మిగులుతుంది. సబ్బుకి పోదు. భోజనానికి వెళ్తూ "మళ్లీ వచ్చి కడగాలి కదా" అని పైపుని సీటు మీద వదిలేసి వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

అపోహ: పైపుని ఎత్తి పట్టుకోవాలంటే ఇద్దరు మనుషులు కావాలి, టైం రెట్టింపు అవుతుంది

వాస్తవం: ఇద్దరుంటే సుఖం, కానీ ఒక్కరూ చేయొచ్చు. నేను చాలా ఏళ్లు ఒక్కడినే చేశాను.

మన తొందరకి కారణం నాకు తెలుసు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలు. ఎండాకాలంలో అన్ని బోట్లూ పొద్దున్నే అయిపోవాలి. ఆ టెన్షన్‌లో పైపుని లాక్కుంటూ పరిగెడతాం. నేను చేసే పద్ధతి చెప్తాను, గడియారం పెట్టి చూసుకోండి, పది నిమిషాలు కూడా ఎక్కువ పట్టదు.

మొదట పైపు మొత్తాన్ని జెట్టీ మీద చాపి, తడిగుడ్డ చుట్టి ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తుడుస్తాను. గుడ్డ తిరగేసి ఇంకోసారి. ఎండలో ఉన్న పైపైతే లోపలి వేడి నీళ్లు ముందు వదిలేయాలి, కాసేపు పారిందాకా బోటు మీద పెట్టను.

జెట్టీ వైపు ఉన్న పక్కంతా జెట్టీ మీద నిలబడే కడుగుతాను. పైపు బోటెక్కాల్సిన పనే లేదు. ఎక్కక తప్పని చోట, ఎక్కడం ఒకే చోటు నుంచి. ఆ అంచు మీద మందపాటి టవల్ నాలుగు మడతలు వేసి పరుస్తాను, లేదా పైపు వాలే చోట ఫెండర్ (బోటు జెట్టీకి తగలకుండా పక్కన కట్టే మెత్తటి దిండు) కట్టుకుంటాను. పైపు ఆ టవల్ మీదే జరగాలి, పక్కకి పోకూడదు.

పైకి ఎక్కాక నాజిల్ కుడిచేతిలో, పైపు వీపు వెనక నుంచి ఎడమ భుజం మీదుగా. మా అమ్మానాన్నలు వల భుజాన వేసుకున్నట్టు. నాకు ముందు ఎంత కావాలో అంత పైపుని రెండు మూడు చుట్లు చేసి ఎడమచేతిలో పట్టుకుంటాను, నడిచేకొద్దీ ఒక్కో చుట్టు వదులుతాను. పెద్ద బోటు మీద పైపు మొత్తం గాల్లో ఉండటం సాధ్యం కాదు, ఒప్పుకుంటాను. అప్పుడు అది కాళ్లు జారకుండా గరుకుగా చేసిన నడకదారి మీద ఉండాలి. మెరిసే చోటు మీద, అద్దాల మీద, సీట్ల మీద ఉండకూడదు. మలుపు తిరగాల్సి వస్తే లాగను. వెనక్కి నాలుగడుగులు వేసి, పైపుని ఎత్తి, కొత్త చోట దించుతాను. మొత్తం పద్ధతిలో కష్టమైంది ఆ నాలుగడుగులే, ఒళ్లు బరువనిపించేది అక్కడే.

ఎప్పుడూ పైనుంచి కిందకి, దూరం నుంచి దగ్గరికి. పైపు ఎక్కిన చోటుకి ఎదురు చివర మొదలుపెట్టి వెనక్కి వస్తే, కడిగిన చోట మీద పైపు మళ్లీ పడదు.

ఇక పైపు కొసన ఉండే ఇత్తడి బిగింపులు, నాజిల్. ఇవి చేయి జారి పడితే గీత కాదు, పెచ్చే ఊడుతుంది. రబ్బరు తొడుగున్న నాజిల్ కొనండి. పైపు మధ్యలో అతుకు ఉంటే పాత గుడ్డ చుట్టి టేపు వేయండి.

అపోహ: పైపు పైనుంచి వేలాడితే ఏం కాదు, ఈడవడం లేదు కదా

వాస్తవం: ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం.

అప్పటికి నేను వచ్చి రెండేళ్లు. ఒక బోటు పై అంతస్తు కడగాలి. పైపుని కింద నుంచి పైకి తీసుకెళ్లడానికి దగ్గరి దారి అని డ్రైవింగ్ సీటు ముందున్న పారదర్శక ప్లాస్టిక్ తెర మీదుగా వేలాడదీశాను. నేను పైన తిరుగుతుంటే పైపు కింద రంపంలా ఆడుతూనే ఉంది. నాకు కనపడలేదు. అవి వేడికి మెత్తబడే తెరలు, చేతి గుడ్డ మురికిగా ఉన్నా గీతలు పడతాయి. ఆరాక చూస్తే, సీట్లో కూర్చున్న మనిషి కళ్లకి సరిగ్గా ఎదురుగా, అరచేయి వెడల్పున మంచు పట్టినట్టు మసక. ఎన్ని రకాల పాలిష్‌లు పెట్టినా పోలేదు. ఆ తెర మార్చాల్సి వచ్చింది. నేను అప్పుడు చేసే కంపెనీ రెండు నెలల పాటు జీతంలో కోసింది. దానికన్నా ఆ బోటు కెప్టెన్, పెద్దాయన, నన్నేమీ అనకుండా ఆ సీట్లో కూర్చుని తల అటూ ఇటూ వంచి ఆ మసకలోంచి బయటకి చూడటానికి ప్రయత్నించడం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. రాత్రిపూట బోటు నడిపేది ఆయనే.

పైపు దేని మీదైనా ఆని ఉందంటే, మనం కదిలినంతసేపూ అదీ కదులుతుంది. పై అంతస్తుకి వెనక మెట్ల మీదుగా తీసుకెళ్లండి. లేదంటే ఒక బకెట్, మెత్తటి గుడ్డ. చిన్న జాగాలకి పైపే అక్కర్లేదు.

అపోహ: నీళ్ల ఫోర్స్ పెంచితే దూరం నుంచే ఉప్పు పోతుంది, పైపు దగ్గరకి తేనక్కర్లేదు

వాస్తవం: ఉప్పు నీళ్లలో కరిగేది. దానికి కావాల్సింది ధారాళంగా నీళ్లు, కాసేపు నానడం. ప్రెషర్ మెషిన్ పెట్టి టేకు డెక్ కొడితే చెక్కలోని మెత్తటి పోగు లేచిపోయి నాగలి చాళ్లలా గుంటలు పడతాయి. కిటికీల చుట్టూ ఉన్న సీలు లోపలికి నీళ్లు దూరతాయి. చివరి కడుగుకైతే నేను నాజిల్ తీసేస్తాను. ఉత్త పైపు కొసని జానెడు ఎత్తులో పట్టుకుంటే నీళ్లు దుప్పటిలా జారి, బొట్లు చాలా తక్కువ మిగులుతాయి. ఆ మిగిలినవీ వెంటనే గుడ్డతో తుడవాలి. ఇక్కడి కుళాయి నీళ్లు ఎక్కువగా సముద్రపు నీటిని శుద్ధి చేసినవే అయినా, వాటిలో మళ్లీ ఖనిజాలు కలిపే పంపిస్తారు, ఆరనిస్తే తెల్ల మచ్చలు పడతాయి.

పని అయ్యాక పైపుని బోటు మీంచి లాగేయకండి. ముందు కుళాయి కట్టండి, నాజిల్ నొక్కి లోపలి నీళ్లు వీలైనంత వదిలేయండి, కొంత బరువు తగ్గుతుంది. తర్వాత పైపుని చుట్టుకుంటూ దాని వెంట మీరే నడవండి. టవల్‌ని అన్నిటికన్నా చివర తీయండి. తుడిచిన పైపుని నేల మీద కాకుండా కొక్కేనికి నీడలో వేలాడదీస్తే మర్నాడు పొద్దున్న గుడ్డ అంత మురికి పట్టదు.

మా జగిత్యాల తమ్ముడు ఇప్పుడు రెండు గుడ్డలు తెచ్చుకుంటున్నాడు. ఒకటి బోటుకి, ఒకటి పైపుకి. పైపు గుడ్డకి ఒక మూల ఎర్ర దారంతో ముడి వేసుకున్నాడు, రెండూ కలిసిపోకుండా.