స్వర్ణముఖి పిల్లరు మీద ఇసుక గీత

ఎండాకాలంలో తిరుపతి పక్కన స్వర్ణముఖిలో నీళ్ళకంటే కంపచెట్లే ఎక్కువ, కాబట్టి ఏట్లోకి దిగి వంతెన కింద నిలబడటం పెద్ద కష్టమేం కాదు. మొన్న ఒక పాత వంతెన కింద అలాగే నిలబడ్డాను. పిల్లరు మీద నా భుజం ఎత్తులో ఒక గీత కనిపించింది, దానికి పైన కాంక్రీటు నల్లబడి ఉంది, కింద ఇంకా తెల్లగానే ఉంది. ఒకప్పుడు ఇసుక అక్కడిదాకా ఉండేదన్నమాట. ఇసుక దిగిపోయిందంటే భూమిలో పిల్లరుకున్న పట్టు ఆ మేరకు తగ్గినట్టే.

వంతెన అనగానే మనకు లారీ బరువే గుర్తొస్తుంది. ఆ లెక్కలూ మారాయి లెండి, వంతెన డిజైనుకు వాడే పాత 'క్లాస్ ఎ' లెక్కలో ఒకదాని వెనక ఒకటిగా వెళ్ళే బండ్ల వరస మొత్తం బరువు 55.4 టన్నులు, ఇప్పుడు 385 టన్నుల ట్రైలరును కూడా చూస్తున్నారు. కానీ ఏటి వంతెనకు అసలు టెన్షన్ కింది నీళ్ళతోనే. వరద పిల్లరును గుద్దుకుని కిందికి దిగి, సుడి తిరుగుతూ పాదం చుట్టూ ఇసుకను తోడేస్తుంది. సముద్రం ఒడ్డున అలల్లో నిలబడితే మడమల కింద ఇసుక జారిపోతుందే, అలాగన్నమాట. పైగా వరద తగ్గేటప్పుడు ఆ గుంత మళ్ళీ ఇసుకతో పూడిపోతుంది, కాబట్టి మర్నాడు వచ్చి చూసినవాళ్ళకు ఏమీ జరగనట్టే ఉంటుంది.

ఈ కోత లోతు లెక్కకట్టడానికి మన ఇంజనీర్లు వాడే సూత్రం గెరాల్డ్ లేసీది, 1930లో సాగునీటి కాలువలను పరిశీలించి ఇచ్చినది. కాలువ ఒద్దికగా పారుతుంది, నెలల తరబడి ఎండి ఒక్క రాత్రిలో పొర్లే మన ఏరు అలా కాదు. 2021 నవంబరులో ఆ పొంగు తిరుపతి వాళ్ళందరూ చూశారు. పిల్లరు దగ్గర సుడి ఇంకా లోతుగా తోడేస్తుంది కాబట్టి అక్కడ సగటు కోతకు రెండింతలు లెక్కేసి, ఆ కిందకు కూడా కొంత పట్టు ఉండేలా పునాది దించుతారు. నన్నడిగితే ఇసుక తవ్వకం ఈ లెక్కను మొదట్లోనే చెడగొడుతుంది, ఎందుకంటే లెక్క మొదలయ్యేదే ఏటి అడుగు ఫలానా మట్టంలో ఉందనుకుని.

1987లో న్యూయార్క్ రాష్ట్రంలో స్కొహారీ వాగు మీది హైవే వంతెన పాదం కోసుకుపోయి కూలింది, 10 మంది పోయారు. ఆ తర్వాతే అక్కడ పాత వంతెనల పునాదులకు కోత ప్రమాదం ఎంతుందో చూడటం మొదలైంది. మన దగ్గర 2016 ఆగస్టులో మహారాష్ట్రలోని మహాడ్ దగ్గర సావిత్రి నది మీది బ్రిటిష్ కాలపు వంతెన వరదకు కొట్టుకుపోయింది. ఆ అక్టోబరులోనే జాతీయ రహదారుల వంతెనలన్నిటికీ నంబరిచ్చి, ఒక్కోదాని పరిస్థితి నమోదు చేసే పద్ధతి మొదలుపెట్టారు.

మరమ్మతులో ఇప్పుడు పైన తారు వేసి వదిలేస్తే సరిపోదు. రోడ్డును మోసే దూలాలను, అంటే గర్డర్లను, జాకీలతో కొన్ని మిల్లీమీటర్లు లేపి, వాటికీ పిల్లరుకూ మధ్య అరిగిన రబ్బరు దిమ్మెలు (బేరింగులు) మారుస్తారు, పిల్లరు చుట్టూ కాంక్రీటు తొడుగు పోస్తారు, పాదం దగ్గర తీగ వలల్లో బండరాళ్ళు కట్టి పరుస్తారు.

నేను చూసిన వంతెన దగ్గర రాళ్ళేమీ లేవు. పిల్లరు మీద మాత్రం వరద మట్టం కొలిచే అంకెలు రంగుతో రాసున్నాయి, సున్నాతో మొదలై పైకి. ఆ సున్నా నా భుజం దగ్గరుంది, పాత ఇసుక గీత పక్కనే.